సేటుకు బాండు రాసిచ్చాను, సొంత షాపు పెట్టుకోవచ్చా?

ప్రశ్న: మాది పరకాల దగ్గర ఊరు. ఇంకో ఐదు నెలల్లో నాకు 18 ఏళ్లు నిండుతాయి. టెన్త్ అయ్యాక ఐటీఐ ఎలక్ట్రీషియన్‌లో చేరి, సాయంత్రాలు, సెలవు రోజుల్లో ఒక మోటార్ వైండింగ్ షాపులో పని నేర్చుకున్నాను. ఇప్పుడు బోరు మోటార్ విప్పి, కాయిల్ చుట్టి, బిగించేదాకా ఒక్కడినే చేయగలను. సొంత షాపు పెడతానంటే సేటు ఒప్పుకోవడం లేదు. రెండేళ్ల కింద వంద రూపాయల స్టాంపు పేపర్ మీద నాతో సంతకం పెట్టించుకున్నాడు. పని మానేశాక ఐదేళ్ల దాకా పరకాల చుట్టుపక్కల షాపు పెట్టనని, పెడితే రెండు లక్షలు కడతానని అందులో ఉంది. నా టెన్త్ మెమో ఆయన దగ్గరే ఉంది. మా అమ్మ ఆయనకు ఇంకా 30 వేలు బాకీ. మా మేనమామ తన పేరు మీద షాపు పెడదాం, లాభం చెరి సగం అంటున్నాడు. చాలా టెన్షన్‌గా ఉంది, ఏం చేయాలి?

జవాబు: ముందు ఆ స్టాంపు పేపర్ గురించి భయం వదిలేయండి. దాని మీద సంతకం పెట్టిన రోజు మీకు 15 ఏళ్లు. 1872 నాటి భారత కాంట్రాక్టు చట్టం 11వ సెక్షన్ ప్రకారం మైనర్‌కు ఒప్పందం చేసుకునే అర్హతే లేదు. మైనర్ రాసిచ్చిన ఒప్పందం మొదటి నుంచీ చెల్లదని బ్రిటిష్ కాలం నాటి పై కోర్టు ప్రివీ కౌన్సిల్ 1903లోనే మొహరీ బీబీ కేసులో తేల్చింది, మన కోర్టులు ఇప్పటికీ దాన్నే పాటిస్తున్నాయి. ఒప్పందమే చెల్లనప్పుడు అందులోని రెండు లక్షల జరిమానా కూడా చెల్లదు. పైగా ఆ పేపర్ పట్టుకుని సేటు కోర్టుకు వెళ్తే, 15 ఏళ్ల పిల్లవాడితో బాండు రాయించుకున్నానని ఆయనే చెప్పుకున్నట్టవుతుంది.

ఒకవేళ మీరు 30 ఏళ్ల వయసులో రాసిచ్చినా ఆ షరతు నిలవదు. మనిషి చట్టబద్ధమైన వృత్తి, వ్యాపారం చేసుకోకుండా అడ్డుకునే ఒప్పందం ఆ మేరకు చెల్లదని అదే చట్టంలోని 27వ సెక్షన్ చెబుతోంది. అందులోని మినహాయింపు, నడుస్తున్న వ్యాపారాన్ని గుడ్‌విల్‌తో (దానికున్న మంచి పేరుతో) సహా అమ్మేసిన వాళ్ల కోసం. మీరు ఏమీ అమ్మలేదు. అయితే ఆయన దగ్గర పనిలో ఉంటూనే పక్కన సొంత దుకాణం నడపడం తప్పే. మానేశాకే మొదలుపెట్టండి. ఆయన షాపులోని కస్టమర్ల పుస్తకం తెచ్చుకోవద్దు, ఆయన బోర్డు పేరును పోలిన పేరు పెట్టుకోవద్దు. చేతికొచ్చిన పని మాత్రం మీదే. నేర్పినందుకు ఆయన్ను జీవితాంతం గౌరవించండి. గౌరవం వేరు, ఐదేళ్ల బతుకుతెరువు రాసివ్వడం వేరు.

ఇక్కడ ఒక జాగ్రత్త. మైనర్‌గా రాసిచ్చిన దాన్ని మేజర్ అయ్యాక ఒప్పుకున్నా దానికి ప్రాణం రాదు. అందుకే 18 నిండగానే సేటు 'కొత్తగా ఒక సంతకం పెట్టి మెమో తీసుకుపో' అనవచ్చు. పెట్టవద్దు. తెల్ల కాగితం మీద గానీ, ఖాళీ ప్రామిసరీ నోటు మీద గానీ అసలే వద్దు.

మెమో మీ ఆస్తి. బాండు కోసమో, బాకీ కోసమో దాన్ని పట్టుకునే హక్కు ఏ యజమానికీ లేదు. మీ పుట్టిన తేదీకి గట్టి రుజువు కూడా అదే కాబట్టి వదలకూడదు. ముందు పెద్ద మనుషుల సమక్షంలో అడగండి, ఇవ్వకపోతే స్పీడ్ పోస్టులో నోటీసు, దానికీ కదలకపోతే పోలీసు ఫిర్యాదు. మెమో పోయిందని అబద్ధపు అఫిడవిట్ ఇచ్చి డూప్లికేట్ తీసుకోమని కొందరు సలహా ఇస్తారు. ఆ పని చేస్తే కేసు మీ మీదకు తిరుగుతుంది.

30 వేల బాకీ మీ అమ్మగారిది, మీది కాదు. నిజమైన అప్పయితే ఆమె తీర్చాల్సిందే. కట్టిన ప్రతిసారీ రసీదు తీసుకోండి, ఫోన్‌పే చేస్తే ఇంకా మంచిది. కానీ అప్పు తీరేదాకా నా దగ్గరే చేయాలి, ఇంకెక్కడికీ పోవద్దు అని సేటు కట్టడి చేస్తే విషయం మారుతుంది. అది 1976 వెట్టిచాకిరి నిర్మూలన చట్టం కిందకు రావచ్చు. ఆ మాట ఆయన అంటే కలెక్టర్‌కు గానీ ఆర్డీవోకు గానీ రాతపూర్వకంగా ఫిర్యాదు చేయండి.

నాకు అన్నిటికన్నా ఎక్కువ ఆందోళన కలిగించింది మీ మేనమామ ప్రతిపాదన. ఆయన మంచివారే కావచ్చు. కానీ షాపు ఆయన పేరు మీద ఉంటే చట్టం దృష్టిలో అది ఆయన షాపు, మీరు అందులో పనివాడు. కిరాయి కాగితం, బ్యాంకు ఖాతా, లోను, జీఎస్టీ అన్నీ ఆయనవే. ఆయన వేరే అప్పుల్లో పడితే అప్పులవాళ్లు షాపులోని వైండింగ్ మెషీన్ మీద కూడా పడతారు. ఆయనకేదైనా అయితే షాపు ఆయన వారసులకు పోతుంది. చెరి సగం అన్న మాటకు అప్పుడు సాక్ష్యం ఎక్కడ? ఐదు నెలలు ఆగి మీ పేరున పెట్టుకోండి. మేనమామ డబ్బు అవసరమైతే అప్పుగా రాసుకోండి. భాగమే కావాలంటే 18 నిండాక భాగస్వామ్య పత్రం రాసుకుని రిజిస్టర్ చేయించండి. రిజిస్టర్ కాని సంస్థలో భాగస్వామి ఒప్పందం అమలు కోసం ఇంకో భాగస్వామి మీద కోర్టుకు వెళ్లడం కష్టం. ఈలోపే మంచి షట్టర్ దొరికి అడ్వాన్సు ఇవ్వాల్సి వస్తే, కిరాయి ఒప్పందం మీ అమ్మగారి పేరున ఉండనివ్వండి.

మేజర్ అయ్యాక ఉద్యమ్ రిజిస్ట్రేషన్ (చిన్న వ్యాపారాలకు కేంద్ర ప్రభుత్వ నమోదు) ఆధార్‌తో మీరే చేసుకోవచ్చు, పూర్తిగా ఉచితం. షాపు తెరిచిన 30 రోజుల్లో కార్మిక శాఖలో నమోదు చేయించండి, పరకాల మున్సిపాలిటీ నుంచి ట్రేడ్ లైసెన్సు తీసుకోండి. జీఎస్టీ పరిమితి 40 లక్షలని చాలామంది చెబుతారు. సరుకు అమ్మకాలకు ఆ పరిమితిని తెలంగాణ ఎంచుకోలేదు. ఇక్కడ ఏడాదికి 20 లక్షల టర్నోవర్ దాటితేనే రిజిస్ట్రేషన్. పెట్టుబడికి చిన్న వ్యాపారుల కోసం ఉన్న కేంద్ర పథకం ముద్రలో శిశు లోను 50 వేల దాకా తాకట్టు లేకుండా వస్తుంది. చేతివృత్తుల వారి కేంద్ర పథకం పీఎం విశ్వకర్మ ఇప్పిస్తామని ఎవరైనా డబ్బు అడిగితే ఇవ్వకండి. అందులోని 18 వృత్తుల్లో వడ్రంగం, కమ్మరం ఉన్నాయి గానీ మోటార్ వైండింగ్ లేదు.

ప్రతి మోటార్‌కూ జాబ్ కార్డు రాయండి. ఎన్ని హెచ్‌పీ, ఏ స్థితిలో వచ్చింది, ఏం మార్చారు, పాత రాగి తీగ రైతుకు ఇచ్చారా, కూలిలో పట్టుకున్నారా, గ్యారంటీ ఎన్ని నెలలు, అన్నీ అందులో ఉండాలి. పొలం ఎండుతున్నప్పుడు చుట్టిన మోటార్ మళ్లీ కాలితే రైతు వినియోగదారుల కమిషన్‌కు వెళ్లగలడు. లోపం వైండింగ్‌దా, లో వోల్టేజీదా అని తేల్చడానికి ఆ కార్డే మీకు ఆధారం.

ఇంకో మాట, దయచేసి తేలిగ్గా తీసుకోవద్దు. పొలం దగ్గరికి వెళ్లినప్పుడు 'ఫ్యూజు పోయింది, జర ఎక్కి పెట్టు బిడ్డా' అంటారు. ట్రాన్స్‌ఫార్మర్ కరెంటు సంస్థ ఎన్‌పీడీసీఎల్‌ది, దాన్ని ముట్టే అధికారం మీకు లేదు. ప్రాణం పోతే మీ ఇల్లు ఏమవుతుందో ఆలోచించండి. లైన్‌మన్‌కు ఫోన్ చేయించండి. ఇళ్లకు వైరింగ్ కాంట్రాక్టు పట్టాలన్నా ఎలక్ట్రికల్ కాంట్రాక్టర్ లైసెన్సు కావాలి, ఐటీఐ సర్టిఫికెట్ ఒక్కటే సరిపోదు.

వకీలు ఫీజు గురించి ఆగిపోకండి. హనుమకొండ కోర్టులోని జిల్లా న్యాయ సేవాధికార సంస్థకు మీ అమ్మగారితో కలిసి వెళ్లండి. 18 ఏళ్ల లోపు పిల్లలకు, మహిళలకు ఆదాయంతో సంబంధం లేకుండా అక్కడ ఉచితంగా న్యాయవాదిని ఇస్తారు, 15100కు ఫోన్ చేసినా దారి చెబుతారు. ఆధార్, ఐటీఐ కాగితాలు, బాండు ఫొటో మీ ఫోన్‌లో ఉంటే దాని ప్రింటు తీసుకెళ్లండి. మెమో కోసం పంపే మొదటి నోటీసు వాళ్లే రాసిపెడతారు.