పేరు రాయించుకో తల్లీ

తల్లీ,

నిన్న రాత్రి మీ నాన్న ఫోన్ చేశాడు. నువ్వు ఉద్యోగం మానేసి, గిటార్ పట్టుకుని డాలస్ నుంచి నాష్‌విల్ వెళ్ళిపోతున్నావని చెప్పి, "దానికి ఈ పిచ్చి అంటించింది నువ్వే అన్నయ్యా" అని కేకలేశాడు. నేనేమీ అనలేదు. ఫోన్ పెట్టేశాక చాలాసేపు వరండాలోనే కూర్చున్నాను. భయం వేసింది. కానీ, మీ నాన్నతో అనకు, మన ఇంటి పిల్ల కంట్రీ పాటలు, అదే అమెరికా పల్లెల బాణీ పాటలు, రాసి పాడడానికి నాష్‌విల్ వెళ్తోందంటే ఛాతీ ఉప్పొంగింది కూడా. ఫోన్లో అయితే ముందు తిట్టేస్తాను. అందుకే రాస్తున్నాను.

చిన్న పనులు ముందు చెప్పేస్తాను. ఆరు నెలల అద్దె చేతిలో లేకుండా కదలకు. హెల్త్ ఇన్సూరెన్స్ తీసుకో. స్టేజి మీద ఇయర్‌ప్లగ్స్ పెట్టుకో, నా కుడిచెవి పోయింది అవి లేకే. వెళ్ళిన వారంలోనే యాస్కాప్‌లోనో బీఎమ్ఐలోనో పాటల రచయితగా చేరు, రాసినవాళ్ళకి రావలసిన డబ్బు వసూలు చేసిపెట్టే సంఘాలవి. సోమవారం రాత్రి బ్లూబర్డ్ కెఫేలో ఓపెన్ మైక్‌కి వెళ్ళు, కొత్తవాళ్ళు కూడా పాడొచ్చు. షాపుల వరసలో ఇరుకు గది, పట్టుమని వందమంది పట్టరు, చూసి నిరాశపడకు. గార్త్ బ్రూక్స్, టేలర్ స్విఫ్ట్ రికార్డు కంపెనీల వాళ్ళ కంట్లో పడ్డది అక్కడే. ఒకరు పాడుతుంటే ఇంకొకరిని గుసగుసలాడనివ్వరు. పాట రాసేవాళ్ళకి అంతకంటే ఏం కావాలి?

నేను 1979లో చదువుకని నాష్‌విల్ వెళ్ళాను. అప్పటికి గ్రాండ్ ఓల్ ఆప్రీ అనే రేడియో కచేరీ ఊరి నడుమ ఉన్న రైమన్ హాలు వదిలి ఊరి చివరకి మారిపోయి ఐదేళ్ళయింది. 1943 నుంచి శనివారం రాత్రుల్లో కిటకిటలాడిన వీధి కాస్తా పాడుబడిపోయింది. ఇప్పుడు అదే బ్రాడ్‌వేలో నిలబడడానికి చోటుండదట. అప్పుడు ముప్ఫై మంది ఉంటే గొప్ప. మనం వయొలిన్‌ని ఫిడేలు అన్నట్టే వాళ్ళూ ఫిడిల్ అంటారు కదా, నాది పట్టుకుని ఒక బార్‌లోకి వెళ్ళి వాయిస్తానన్నాను. ద్వారం వెంకటస్వామి నాయుడు గారు ప్రిన్సిపాల్‌గా చేసిన విజయనగరం కాలేజీలో నేర్చుకున్న చెయ్యి, ఆ ధైర్యం ఉండేది.

పాట మొదలవగానే బ్యాండు లీడర్ నా వైపు నాలుగు వేళ్ళు చూపించాడు. తర్వాత అయిదు. తర్వాత ఒకటి. బిక్కమొహం వేశాను. అక్కడి సంగీతం వాళ్ళు కార్డ్‌లని, అంటే కలిపి ఒకేసారి మోగించే స్వరాల్ని, అంకెల్లో రాసుకుంటారు. 1950ల చివర్లో జోర్డనేర్స్ అనే గాయక బృందంలోని నీల్ మాథ్యూస్ మొదలుపెట్టిన పద్ధతి. రెండో చరణానికి బుర్రకెక్కింది: ఒకటంటే స, నాలుగంటే మ, అయిదంటే ప. శ్రుతి ఎంతకి మార్చినా అంకె మారదు, మన స్వరంలాగే. ఆ రాత్రి నుంచి అది నాకు పరాయి ఊరు కాలేదు. నువ్వు చిన్నప్పుడు ఏడుస్తూ నేర్చుకున్న సరళీ స్వరాలు అక్కడ అన్నం పెడతాయి, చూస్తుండు.

ఇప్పుడు అసలు సంగతి. మీ పెద్దమ్మకి తప్ప ఎవరికీ చెప్పలేదు.

1987లో ఒక ఆదివారం, బయట వాన. నా స్నేహితుడి వంటింట్లో కూర్చున్నాం. కెంటకీ వాడు, పగలు వడ్రంగి పని, రాత్రి గిటార్. అంత మంచి మాట రాసేవాణ్ణి నేను మళ్ళీ చూడలేదు. పాట దాదాపు అయిపోయింది గానీ పల్లవి పైకి లేవడం లేదు. ఫిడేలు తీసి, మీ నాయనమ్మ జోలపాటలో "లాలి" దగ్గర గొంతు జారి మళ్ళీ ఎక్కే చోటుంది చూడు, ఆ జారుడు వాయించాను. నిన్నూ ఆ పాటతోనే నిద్రపుచ్చింది. వాడు కప్పు కిందపెట్టి నా మొహంలోకి చూశాడు. గంటలో పాట పూర్తయింది. బల్ల మీద ఉన్న టేప్ రికార్డర్‌లో ఒకసారి పాడుకున్నాం, క్యాసెట్ ఒకటి నాకూ ఇచ్చాడు.

నాలుగేళ్ళ తర్వాత, పెట్రోలు కొట్టించుకుంటుంటే కారు రేడియోలో మా అమ్మ జారుడు వినిపించింది. ఎవరో పెద్ద గాయకుడు పాడాడు. రచయితగా ఒక్క మా వాడి పేరే ఉంది. నాకు ఒళ్ళు మండిపోయింది. వాడు ఫోన్ చేస్తే ఎత్తలేదు. ఇంటికొస్తే తలుపు తియ్యలేదు. పదిహేడేళ్ళు, తల్లీ. ఒకే ఊళ్ళో పదిహేడేళ్ళు మాట్లాడుకోకుండా బతికాం.

2008లో ఇల్లు మారుతూ పెట్టెలు సర్దుతుంటే ఆ క్యాసెట్ బయటపడింది. మూత మీద పెన్సిల్ రాత చెరిగిపోయింది. వేసి విన్నాను. పాట అయ్యాక వాన చప్పుడు, కుర్చీ జరిగిన చప్పుడు, ఆ తర్వాత వాడి గొంతు: నీ పేరు స్పెల్లింగ్ చెప్పు, కాగితం మీద రాస్తాను. దానికి నా నవ్వు. అబ్బే, నేనేం చేశాను, ఒక్క ముక్కేగా, వద్దులే. వాడు మళ్ళీ అడిగాడు. మళ్ళీ వద్దన్నాను.

మన ఇళ్ళల్లో నేర్పే మర్యాద నీకు తెలుసుగా. ఎవరైనా పెడుతుంటే వద్దండీ అనాలి. రెండోసారీ వద్దనాలి. మూడోసారి బలవంతం చేస్తే తీసుకోవాలి. వాడు మూడోసారి అడుగుతాడని కూర్చున్నాను నేను. వాళ్ళ ఊళ్ళో వద్దంటే వద్దనే. మొహమాటంతో నోరు మూసుకున్నది నేను, ఉసురు పోసుకున్నది వాడిది.

మర్నాడే ఫోన్ చేశాను. కోప్పడలేదు, పిల్లలెలా ఉన్నారని అడిగాడు. పది నిమిషాలు మాట్లాడుకున్నాం. ఆ తర్వాత ఇద్దరికీ ఏం మాట్లాడాలో తెలియలేదు.

అందుకే చెప్తున్నాను. నాష్‌విల్‌లో రోజూ ఇద్దరు ముగ్గురు గదిలో కూర్చుని పాట రాస్తారు. గదిలో ఉన్నవాళ్ళందరికీ సమాన వాటా, అది ఆ ఊరి పద్ధతి. లేచే ముందు కాగితం మీద పేర్లు, వాటాలు రాసుకోండి. సిగ్గుపడకు. అమెరికాలో మామూలు రేడియోలో పాట వస్తే రాసినవాళ్ళకే డబ్బు, పాడినవాళ్ళకి పైసా రాదు. కంట్రీ గాయని డాలీ పార్టన్‌ని చూడు. స్కూలు చదువు అయిన మర్నాడే 1964లో ఆ ఊరికి బస్సెక్కిన పిల్ల. తను రాసిన "ఐ విల్ ఆల్వేస్ లవ్ యూ" ఎల్విస్ ప్రెస్లీ పాడతానన్నాడని ఎగిరి గంతేసింది. తీరా ఆయన మేనేజర్ సగం హక్కులు అడిగితే ఇవ్వనంది. ఆ రాత్రంతా ఏడ్చిందట. 1992లో విట్నీ హ్యూస్టన్ పాడినప్పుడు ఆ హక్కులు ఆమె దగ్గరే ఉన్నాయి. నీకూ ఏడుపొస్తే ఏడువు, సంతకం మాత్రం పెట్టకు.

పేరు కురచ చేసుకోమని కూడా అంటారు. కంట్రీ గాయకుడు చార్లీ ప్రైడ్ నల్లవాడని తెలియకూడదని 1966లో ఆయన మొదటి రికార్డుల్ని ఫోటో లేకుండా రేడియోలకి పంపారు. 1971లో ఆయనకే ఏడాదికంతటికీ పెద్ద అవార్డు ఇచ్చారు. మీ తాతగారి ఇంటిపేరు పలకడం కష్టమైతే వాళ్ళే నేర్చుకుంటారు.

ఇక నాకు నిద్ర పట్టనివ్వనిది ఒకటుంది. షో అయ్యాక రాత్రి కారు నడపకు. గాయని పాట్సీ క్లైన్ ముప్ఫై ఏళ్ళకి పోయింది, 1963 మార్చిలో. కచేరీ చేసి ఇంటికొస్తూ, నాష్‌విల్ ఇంకాస్త దూరంలో ఉందనగా చిన్న విమానం అడవిలో కూలింది. నేను నాక్స్‌విల్‌లో వాయించి వస్తూ స్టీరింగ్ మీదే కునుకు తీశాను. కళ్ళు తెరిచేసరికి కారు గడ్డిలో ఉంది, వెనక సీట్లో ఫిడేలు పెట్టె తెరుచుకుని ఉంది. దాన్ని ఒళ్ళో పెట్టుకుని తెల్లారేదాకా అక్కడే కూర్చున్నాను. మోటెల్‌కి డబ్బు లేకపోతే నన్నడుగు. మీ నాన్నని అడగడానికి మొహమాటమైనా నన్నడుగు.

మీ నాన్న సంగతి నేను చూసుకుంటాను. కోపం కాదమ్మా అది, నిన్ను తల్చుకుని బెంగ. నువ్వు పంపిన పాట వాడికి వినిపించాను, రెండోసారి పెట్టమని వాడే అడిగాడు.

షో అయ్యి గదికి చేరగానే ఒక్క ఫోన్ చెయ్యి. ఎంత పొద్దుపోయినా చెయ్యి. అక్కడ రాత్రి రెండైతే ఇక్కడ మధ్యాహ్నం పన్నెండున్నర, చలికాలంలో ఒకటిన్నర. నేను భోజనానికి కూర్చోకుండా ఉంటాను.

నీ పెదనాన్న
విజయనగరం