టెక్ సందేహాలు: బెంగాలీ ‘ఓ’, స్పానిష్ ‘ఓ’ కొలతలో ఎందుకు తడబడుతున్నాయి?

ప్రశ్న: ఎంఏ ప్రాజెక్టు కోసం బెంగాలీ, స్పానిష్ అచ్చులను పోలుస్తున్నాను. ఇద్దరు స్నేహితులు వాట్సాప్‌లో పంపిన వాయిస్ మెసేజ్‌లను ప్రాట్ సాఫ్ట్‌వేర్‌లో కొలిచాను. ‘ఓ’ దగ్గర రెండో ఫార్మెంట్ (నోటి ఆకృతిని బట్టి ధ్వని బలపడే పౌనఃపున్యం) ఒకసారి 800, మరోసారి 2400 హెర్ట్జ్ చూపిస్తోంది. లోపం ఎక్కడుంది?

జవాబు: సెట్టింగ్‌లో. ఆ 2400 చాలావరకు మూడో ఫార్మెంట్‌దే. ‘ఓ’, ‘ఊ’లకు మొదటి రెండు ఫార్మెంట్లు బాగా దగ్గరగా ఉంటాయి. ప్రాట్ వాటిని ఒకటిగా లెక్కేసి, మూడోదాన్ని రెండోదిగా చూపిస్తుంది. ఫార్మెంట్ సీలింగ్ (ప్రాట్ వెతికే పై హద్దు) మామూలుగా 5500 హెర్ట్జ్ మీద ఉంటుంది, అది ఆడగొంతుకు సరిపడే అంకె. ఫార్మెంట్ సెట్టింగ్స్‌లో మగగొంతుకు 5000 పెట్టండి, ఫార్మెంట్ల సంఖ్య 5 అలాగే ఉంచండి. అప్పటికీ ఫార్మెంట్లను చూపే ఎర్ర చుక్కలు తెరపై ధ్వని చిత్రంలోని నల్లటి పట్టీల మీద పడకపోతే సీలింగ్‌ను ఇంకాస్త తగ్గించండి. చుక్క పట్టీ మీద లేకుంటే ఆ అంకె రాసుకోవద్దు. అచ్చు మధ్యభాగాన్ని సెలెక్ట్ చేసి ఎఫ్1, ఎఫ్2 కీలు నొక్కితే మొదటి, రెండో ఫార్మెంట్ల సగటు వస్తుంది. ల్యాప్‌టాప్‌లో వెలుతురో సౌండో మారితే ఎఫ్‌ఎన్ కీ కూడా పట్టుకోండి.

వాయిస్ మెసేజ్‌లు బాగా కుదించినవి, కొలతకు పనికిరావు. వేవ్ ఫైలు (కుదించని ఆడియో) ఇచ్చే రికార్డర్ యాప్‌తో, ఫ్యాన్ ఆపి, 44,100 హెర్ట్జ్‌లో రికార్డు చేయించండి. దాన్ని వాట్సాప్‌లోనే డాక్యుమెంట్‌గా పంపమంటే నాణ్యత చెడదు.

ఇక మాటల ఎంపిక. స్పానిష్‌కు అచ్చులు అయిదే: పీసో, పేసో, పాసో, పోసో, పూసో అనిపిస్తే పనైపోతుంది. బెంగాలీలో ఏడు. అక్కడ లిపిని నమ్మితే నట్టేట మునిగినట్టే. హ్రస్వ ‘ఇ’, దీర్ఘ ‘ఈ’ వేరుగా రాసినా పలకడం ఒక్కటే. మరోవైపు ఒకే ‘ఏ’ గుర్తుతో రాసే దేఖి (చూస్తాను), దేఖా (చూడటం) మాటల్లో రెండోది ‘ద్యాఖా’ అని, మన ‘బ్యాంకు’లోని ధ్వనితో పలుకుతారు. ‘ఓ’కీ జంట ఉంది: కోల్ అంటే ఒడి, నోరు ఇంకాస్త తెరిచి పలికితే కుళాయి. స్పానిష్ ‘ఏ’, ‘ఓ’లను ఈ జంటల్లో ఒక్కదానితోనే కాక రెండింటితోనూ పోల్చాలి. చంద్రబిందు (అచ్చును ముక్కుతో పలకాలని చెప్పే గుర్తు) ఉన్న కాఁదా (ఏడవడం) లాంటివి వేరే పట్టికలో పెట్టండి. ముక్కు తోడైతే అదనపు ఫార్మెంట్ వచ్చి లెక్క చెడుతుంది.

ఇద్దరి గొంతుల హెర్ట్జ్ అంకెలను నేరుగా పక్కపక్కన పెట్టకూడదు, గొంతు పొడవు మారితే అంకెలూ మారతాయి. కొందరు చేసేది అన్ని అచ్చుల సగటు తీసి ఒక్కో అంకెను దానితో భాగించడం. అయితే ఒక భాషలో అయిదు, మరోదానిలో ఏడు ఉన్నప్పుడు ఆ సగటే పక్కకు జరుగుతుంది. ఈ, ఆ, ఊ మూడింటి సగటుతోనే భాగించండి.

ప్రశ్న: ప్రాట్ ఫలితాల సీఎస్‌వీ ఫైలును ఎక్సెల్‌లో తెరిస్తే బెంగాలీ అక్షరాలు పిచ్చి గీతలుగా కనిపిస్తున్నాయి.

జవాబు: డబుల్ క్లిక్ చేయకండి. ఎక్సెల్ తెరిచి, డేటా మెనూలో ఫ్రమ్ టెక్స్ట్/సీఎస్‌వీ నొక్కి, ఫైల్ ఆరిజిన్ దగ్గర 65001 యూనికోడ్ యూటీఎఫ్-8 ఎంచుకోండి. అప్పటికీ మారకపోతే ప్రాట్ సెట్టింగ్స్‌లో (పాత వెర్షన్లలో ప్రిఫరెన్సెస్) టెక్స్ట్ రైటింగ్‌ను యూటీఎఫ్-8కి మార్చి ఫైలును మళ్లీ సేవ్ చేయండి.