ఓగా స్టేషన్ నుంచి నమహగే ప్రదర్శనకు బస్సు ఎందుకు దొరకడం లేదంటే

అక్కడికి మామూలు సిటీ బస్సు లేకపోవడమే కారణం. నమహగే అంటే రాక్షస ముసుగు, గడ్డి దుస్తులు వేసుకుని ఇళ్ళకు వచ్చే జపాన్ జానపద వేషం. మీ క్రూయిజ్ నౌక జపాన్‌లోని అకితా రేవులో ఆగే ఒక్క పగటిలో మీరు చూడాలనుకున్న చోటు ఓగా స్టేషన్ పక్కన లేదు, షిన్‌జాన్ కొండ పాదాన ఉంది.

1. రేవుకు దగ్గరి స్టేషన్ త్సుచిజాకి. అక్కడ ఓగా వెళ్ళే రైలు ఎక్కండి.

2. చాలామంది వదిలేసేది ఈ మెట్టే. ఓగా నుంచి షిన్‌జాన్‌కు ‘నమహగే షటిల్’ అనే షేర్ టాక్సీ ఉంది. దాన్ని ముందురోజుకే బుక్ చేసుకోవాలి. నౌకలో ఇంటర్నెట్‌ను నమ్ముకోకుండా ఇంటి దగ్గరే ఆ పని ముగించండి. తిరుగు ప్రయాణం సీటు కూడా అప్పుడే తీసుకోండి, ఇది మరీ ముఖ్యం.

3. ముందు ఓగా షిన్‌జాన్ జానపద భవనంలో ప్రదర్శన వేళ చూసుకోండి. మిగిలిన సమయంలో పక్కనే ఉన్న మ్యూజియంలో ముసుగులు చూడవచ్చు.

అసలు ఆచారం డిసెంబర్ 31 రాత్రి ఊళ్ళోని ఇళ్ళలో జరుగుతుంది. 2018లో యునెస్కో జాబితాకెక్కింది. మీరు చూసేది దాని ప్రదర్శనే అయినా పాత ఇంట్లో చాప మీద కూర్చుని చూస్తారు కాబట్టి తప్పక వెళ్ళండి. లోపలికి రాగానే నమహగే ఏడుసార్లు, పీట ముందు కూర్చునేముందు ఐదుసార్లు, లేచేటప్పుడు మూడుసార్లు కాలు నేలకేసి కొడుతుంది. ఆ చప్పుడుకు చిన్నపిల్లలు హడలిపోతారు, ఒడిలో కూర్చోబెట్టుకోండి.

నమహగే ఒంటి మీది గడ్డిని లాగకండి. దానంతట అది రాలిన పోచను శుభమని తీసుకుంటారు.

4. నౌక ఎక్కాల్సిన గడువుకు రెండు గంటల ముందే రేవు చేరేలా రైలు ఎంచుకోండి. సొంతంగా వెళ్ళినవారి కోసం నౌక ఆగదు.