పిల్లలకు శిలాజాల పాఠం: అచ్చు దగ్గర ఆగిపోకుండా ఎలా చెప్పాలి?

మేడమ్, మీ ప్రశ్న చదివాను. ఏడో తరగతి పిల్లల చేత ప్లాస్టర్ ఆఫ్ పారిస్‌లో ఆకు అచ్చు, గవ్వ అచ్చు తీయించారు. వాళ్ళకు బాగా నచ్చింది. తీరా పాఠం అయ్యాక అడిగితే "శిలాజం అంటే మట్టిలో పడిన అచ్చు" అంటున్నారు. బతికున్న జీవులతో పోల్చమంటే "డైనోసార్ అంటే పెద్ద బల్లి" అనేసి ఊరుకుంటున్నారు. దగ్గర్లో మ్యూజియం కూడా లేదు, ఏం చేయాలి అని అడిగారు. నేను సింగరేణి బొగ్గు గనుల ప్రాంతంలో హైస్కూల్లో జీవశాస్త్రం చెబుతాను. నాకు ఎంతో ఇష్టమైన పాఠం ఇది. మా బడిలో ఎలా చేస్తున్నామో చెబుతాను, మీకు పనికొచ్చింది తీసుకోండి.

అచ్చు తీయించడం మంచిదే. కాకపోతే దాని కంటే ముందు పిల్లలు కుళ్ళడం చూడాలి. చచ్చిపోయిన జీవికి మామూలుగా ఏమవుతుందో తెలిస్తేనే, ఏమీ కాకుండా మిగిలిపోవడం ఎంత అరుదో అర్థమవుతుంది. మా పిల్లలు ఒక పూలకుండీలో తడి మట్టి పోసి, అందులో ఒక పచ్చి ఆకు, చికెన్ తిన్నాక మిగిలిన ఎముక, ఖాళీ నత్త గుల్ల, ఒక టమాటా ముక్క పాతిపెడతారు. పాతే ముందే ఏది మిగులుతుందో, ఏది పోతుందో ఎవరికి వాళ్ళు నోట్సులో రాసుకోవాలి. నెల దాటాక తవ్వితే టమాటా జాడ ఉండదు. ఆకు చాలావరకు పోయి, ఒక్కోసారి ఈనెల వల మాత్రం మిగులుతుంది. ఎముక, గుల్ల అలాగే ఉంటాయి. గట్టి భాగాలే ఎక్కువగా శిలాజాలవుతాయని ఆ తర్వాత నేను వేరే చెప్పాల్సిన పని ఉండదు. "మరి ఆకు శిలాజాలు ఎలా దొరుకుతున్నాయి సార్?" అని వాళ్ళే అడుగుతారు. పాఠం అసలు మొదలయ్యేది అక్కడ.

జవాబు ఒండ్రు మట్టిలో ఉంది. వరద వచ్చినప్పుడు నది మోసుకొచ్చే మెత్తటి బురద ఆకును ఒక్కసారిగా కప్పేస్తే, గాలి తగలదు, పురుగులు చేరవు, కుళ్ళబెట్టే సూక్ష్మజీవుల పని బాగా నెమ్మదిస్తుంది. పైన పొర మీద పొర పేరుకుని, ఆ బరువుకు బురద గట్టిపడి రాయి అవుతుంది. ఆకులోని మిగతావన్నీ పోయి, నల్లటి పల్చటి కార్బన్ పొర మిగులుతుంది. అదీ పోతే ముద్ర మాత్రం ఉంటుంది. మీరు చేయించిన ప్లాస్టర్ అచ్చు సరిగ్గా సరిపోయేది ఈ చివరి దానికే. అందుకే దాన్ని ఇక్కడ, పాఠం మధ్యలో పెట్టండి.

ఎముక కథ వేరు. దానికోసం స్పంజి ప్రయోగం చేయించండి. గిన్నెలు తోమే స్పంజిని ఎముక ఆకారంలో కత్తిరించి, అడుగున చిల్లులు పెట్టిన ప్లాస్టిక్ గ్లాసులో ఇసుక మధ్య పెట్టాలి. వేడి నీళ్ళలో ఇక కరగనంత ఉప్పు కలిపి, ఆ నీళ్ళు రోజూ కొంచెం కొంచెంగా పోయాలి (వేడి నీళ్ళ పని మనమే చూసుకోవాలి). కొన్నాళ్ళు పోసి, పూర్తిగా ఆరనిచ్చి తీస్తే స్పంజి బిగుసుకుపోయి, బరువెక్కి ఉంటుంది. దాన్ని అందరి చేతికీ ఇవ్వండి. విరిచి చూస్తే రంధ్రాల్లో ఉప్పు పలుకులు కనిపిస్తాయి. ఎముకలోనూ సన్నటి రంధ్రాలుంటాయి, భూమిలోని నీటిలో సిలికా, కాల్సైట్ లాంటి ఖనిజాలు కరిగి ఉంటాయి, వేల లక్షల ఏళ్ళలో అవి ఆ రంధ్రాల్లో చేరి గట్టిపడతాయి అని అప్పుడు చెబితే ఎక్కుతుంది. "ఇంతకీ అది ఎముకా, రాయా?" అని ఎవరో ఒకరు తప్పకుండా అడుగుతారు. ఆ ప్రశ్నను దాటేయకండి. కొన్నిట్లో అసలు ఎముక పదార్థం కొంత ఉండి, ఖాళీల్లో ఖనిజం నిండి ఉంటుంది. కొన్నిట్లో పాత పదార్థం మెల్లగా కరిగిపోయి ఆ చోట ఖనిజమే వచ్చి కూర్చుంటుంది. రాయిగా మారిన చెట్టు మానులో అయితే ఆ మార్పు ఎంత నెమ్మదిగా జరుగుతుందంటే, సన్నటి పలక కోసి మైక్రోస్కోప్ కింద పెడితే కణాల గోడలు కూడా కనబడతాయి.

ఇక మీరు అడిగిన పోలిక. దీని గురించే నేను ఎక్కువ చెప్పాలనుకుంటున్నాను. శిలాజాన్ని వివరించడం అయిపోయాక చివర్లో చేయించే ఎక్సర్‌సైజ్‌గా పోలికను చూస్తుంటాం. నిజానికి బతికున్న దాన్ని పక్కన పెట్టుకోకుండా ఏ శిలాజాన్నీ చదవలేం. రాయి మీద కనిపించేది సగమే. మిగతా సగం మనం ఈనాటి జీవుల్ని చూసి పూరిస్తున్నాం. ఏది కనబడుతోంది, ఏది పూరిస్తున్నాం అన్న తేడా పిల్లలకు తెలిస్తే చాలు.

మా బడిలో ఒక బూడిదరంగు పలక రాయి ఉంది. బొగ్గు పొరల మధ్య వచ్చే రకం. గనిలో పనిచేసిన ఒక విద్యార్థి తండ్రి ఇచ్చారు. అరచేతి కంటే కొంచెం పెద్దది. దాని మీద పొడవాటి ఆకు ఒకటి, కొస దగ్గర రాయి విరిగిపోయింది. అది గ్లాసోప్టెరిస్ అనే, ఎప్పుడో అంతరించిపోయిన చెట్టు ఆకు. గోదావరి లోయ బొగ్గు చాలావరకు ఆ చెట్లు, వాటితో పాటు పెరిగిన మొక్కలే. పెర్మియన్ కాలం నాటివి, అంటే 25 కోట్ల ఏళ్ళకు పైమాటే.

ముందు ఆ ఆకు బొమ్మ గీయమంటాను. షరతు ఒకటే: రాయి మీద కంటికి కనబడేది మామూలు గీతతో, ఊహించేది చుక్కల గీతతో. విరిగిన కొసను కొందరు మొనదేలినట్టు, కొందరు గుండ్రంగా గీస్తారు. ఎందుకలా గీశావంటే "మామిడాకు అలాగే ఉంటుంది కదా సార్" అంటారు. సరే, మామిడాకు తీసుకురమ్మంటాను. దానితో పాటు జామాకు, రావి ఆకు, ఒక అరిటాకు ముక్క, వేపాకు. తెల్ల కాగితం కింద ఆకు వెనక వైపు పైకి ఉండేలా పెట్టి, పెన్సిల్ పక్కకు వంచి రుద్దితే ఈనెలు చక్కగా దిగుతాయి. ఆ కాగితాలన్నీ రాయి పక్కన పరిచి, భూతద్దం ఇచ్చి వదిలేస్తాను.

అరిటాకు మొదట్లోనే పక్కకు పోతుంది, దాని ఈనెలు వల కట్టవు. మామిడాకు దగ్గర వాదన మొదలవుతుంది. రెండిటికీ నడిమి ఈనె ఉంది, రెండిటి అంచూ నున్నగా ఉంది, రెండూ పొడుగే. అయితే మామిడాకులో నడిమి ఈనె నుంచి లావుపాటి పక్క ఈనెలు చీలి, వాటి మధ్య సన్నవి వల అల్లుతాయి. గ్లాసోప్టెరిస్‌లో ఆ లావు పక్క ఈనెలు లేవు. నడిమి ఈనె నుంచి అంచు దాకా ఇంచుమించు ఒకే మందం ఈనెలు కలుస్తూ విడిపోతూ వల అల్లుకుంటూ పోతాయి. ఈ తేడా పిల్లలే పట్టుకుంటారు. భూతద్దంలోంచి తల ఎత్తకుండా "సార్, ఇది మామిడి కాదు" అని ఒక అమ్మాయి అంటే క్లాసంతా రాయి చుట్టూ మూగింది. ఆ సంతోషం మనం పాఠం చదివి వినిపిస్తే రాదు.

అప్పుడు మిగతాది చెబుతాను. గ్లాసోప్టెరిస్ విత్తనాలు కాసిన చెట్టే, కానీ దానికి పువ్వులు లేవు. భూమ్మీద పువ్వు పూసే మొక్కలు రావడానికి ఆ తర్వాత పది కోట్ల ఏళ్ళకు పైగా పట్టింది. అప్పటికి డైనోసార్లూ లేవు, పక్షులూ లేవు, గడ్డి కూడా లేదు. ఇదే ఆకు ఆస్ట్రేలియాలో, దక్షిణాఫ్రికాలో, దక్షిణ అమెరికాలో, చివరికి అంటార్కిటికాలో దొరికింది. 1912లో దక్షిణ ధ్రువం నుంచి తిరిగి వస్తూ చనిపోయిన బ్రిటిష్ అన్వేషకుడు కెప్టెన్ స్కాట్ బృందం, ఆకలితో, చలితో అల్లాడుతూ కూడా దాదాపు 16 కిలోల రాళ్ళను వదలకుండా లాక్కొచ్చారు. వాటిలో ఈ ఆకు శిలాజాలున్నాయి. ఈ ఖండాలన్నీ ఒకప్పుడు కలిసి ఉండేవనడానికి అదొక గట్టి ఆధారం. మా పిల్లల్లో చాలామంది ఇళ్ళలో ఎవరో ఒకరు గనిలో పనిచేసినవాళ్ళే. నాన్న తవ్విన బొగ్గులో అంటార్కిటికా చెట్టు ఉందని తెలిసిన రోజు వాళ్ళు ఇంటికెళ్ళి అందరికీ చెబుతారు.

ఇక "డైనోసార్ అంటే పెద్ద బల్లి" సంగతి. దీన్ని మాటలతో సరిదిద్దడం కంటే కోడి కాలు తెప్పించడం మేలు. చికెన్ షాపులో అడిగితే పారేసే కాళ్ళు ఇస్తారు. కడిగి, వెనిగర్ నీళ్ళలో కాసేపు ఉంచి, ట్రేలో పెట్టండి. పొలుసులు చూడమనండి. ముందుకు మూడు వేళ్ళు, గోళ్ళు, వేలి కింద మెత్తలు చూడమనండి. పక్కనే తొండ నడిచే తీరు గుర్తు చేసుకోమనండి. తొండ కాళ్ళు ఒంటికి పక్కలకు చాపి ఉంటాయి, కోడి కాళ్ళు ఒంటి కింద నిటారుగా ఉంటాయి. ఇప్పుడు ఏదైనా డైనోసార్ అస్థిపంజరం ఫోటో చూపించి, కాళ్ళు ఎవరిలా ఉన్నాయని అడగండి. పక్షులు డైనోసార్ల వంశంలోవే అన్న మాట ఆ తర్వాత చెబితే నోట్సులోకి కాకుండా బుర్రలోకి వెళుతుంది. సైజు, రూపం చూసి పోల్చడం పిల్లల సహజ గుణం. కీలు ఎక్కడుంది, ఎముక ఎటు వంగింది అని చూడటం మాత్రం మనమే నేర్పాలి.

ఫోటోకి కోటాసారస్ అనే డైనోసార్‌ను తీసుకోండి, మన సొంతం. గోదావరి లోయలో యామన్‌పల్లి దగ్గర జియలాజికల్ సర్వే వాళ్ళు తవ్వితీసిన ఎముకలవి. ఆ సంస్థ శాస్త్రవేత్త యాదగిరి గారు 1988లో దానికి కోటాసారస్ యామన్‌పల్లియెన్సిస్ అని పేరు పెట్టారు. ఒకేచోట దాదాపు 840 ఎముక భాగాలు, కనీసం 12 జంతువులవి దొరికాయి. జురాసిక్ కాలం తొలి భాగం నాటిది, ఆకులు మేసే జంతువు. అస్థిపంజరం హైదరాబాద్ బిర్లా సైన్స్ సెంటర్‌లో నిలబెట్టి ఉంది. తల ఎముకలు దొరకలేదు, ఒకటి రెండు పళ్ళు మాత్రం దొరికాయి. ఈ సంగతి చెప్పి, చుక్కల గీతతో ఏ భాగం గీయాలో పిల్లల్నే అడగండి. తల మొత్తం చుక్కల్లోనే రావాలి. పళ్ళు చెంచా ఆకారంలో ఉన్నాయి, దాన్నిబట్టి ఏం తినేదో చెప్పొచ్చు, అది మాత్రం ఊహ కాదు ఆధారం.

కాలం గురించి ఒక్క మాట. కోట్ల ఏళ్ళు అంటే పిల్లలకు అన్నీ ఒకటే. వరండాలోనో గ్రౌండ్‌లోనో 46 మీటర్ల తాడు పరిస్తే, ఒక్కో మీటరు 10 కోట్ల ఏళ్ళు, మొత్తం భూమి వయసు. ఈనాటి కొస నుంచి 66 సెంటీమీటర్ల దగ్గర డైనోసార్లు అంతరించాయి, రెండున్నర మీటర్లు దాటాక మన బొగ్గు ఆకు, మనిషి ఉన్నది చివరి 3 మిల్లీమీటర్లలో. ఇది చాలు.

సాలగ్రామం గురించి కూడా పిల్లలు అడుగుతారు. గండకీ నది సాలగ్రామాల్లో చాలావాటిలో కనిపించే చక్రం ఆమొనైట్ అనే సముద్ర జీవి గుల్ల ముద్ర. ఆక్టోపస్, స్క్విడ్ దాని దూరపు చుట్టాలు, ఈనాటికీ సముద్రంలో బతికున్న నాటిలస్ అనే జీవి గుల్లలోనూ అలాగే గదులుంటాయి. పూజలో ఉన్నదాన్ని బడికి తెమ్మని అడగవద్దు, ఫోటో చాలు. పూజించేవాళ్ళ మనసు నొప్పించకుండానే హిమాలయాల చోట ఒకప్పుడు సముద్రం ఉండేదని చెప్పొచ్చు.

ఒకసారి పాఠం మొదలైతే పిల్లలు రోజూ ఏదో ఒక రాయి పట్టుకొస్తారు. ఎక్కువగా వచ్చేవి బండల మీద నల్లటి చెట్టుకొమ్మల బొమ్మలు. అవి శిలాజాలు కావు. రాతి పగుళ్ళలోకి దిగిన నీళ్ళలోని మాంగనీస్, ఇనుము అలా కొమ్మలు కొమ్మలుగా పేరుకుంటాయి. నడిమి ఈనె లేదు, ఆకు అంచు లేదు, గీత పగులు దగ్గర మొదలవుతోంది అని పిల్లలతోనే తేల్పించండి. ఓపెన్‌కాస్ట్ (భూమి పైనుంచి తవ్వే) గనుల మట్టి గుట్టల మీదికి, క్వారీల్లోకి మాత్రం ఎవరినీ వెళ్ళనివ్వకండి, జారిపడే ప్రమాదం నిజంగా ఉంది.

మీది ఏ జిల్లానో రాయలేదు. రాజమండ్రి వైపైతే పంగిడి, కాటేరు దగ్గర లావా పొరల మధ్య గవ్వలున్న సున్నపురాయి ఉంది, దాదాపు 6.6 కోట్ల ఏళ్ళ నాటిది. ఆ చుట్టుపక్కల దొరికే టర్రిటెల్లా అనే మెలితిరిగిన పొడుగు గవ్వకు చుట్టాలు ఈనాటికీ సముద్రంలో బతికే ఉన్నాయి, బీచ్‌లో ఏరిన దాన్ని పక్కన పెట్టి పోల్చొచ్చు. కర్నూలు వైపైతే బేతంచెర్ల దగ్గర బిల్లసర్గం గుహలున్నాయి, 1880లలో భూగర్భ శాస్త్రవేత్త రాబర్ట్ బ్రూస్ ఫుట్ అక్కడ తవ్వించిన ఎముకల్లో ఖడ్గమృగానివి కూడా ఉన్నాయి. కడప వైపైతే వేంపల్లె ప్రాంతపు రాళ్ళలో సూక్ష్మజీవులు పొరలు పొరలుగా కట్టిన స్ట్రోమటోలైట్లు ఉన్నాయి, దాదాపు 200 కోట్ల ఏళ్ళ నాటివి. అలాంటివి ఈనాటికీ ఆస్ట్రేలియాలోని షార్క్ బేలో పెరుగుతున్నాయి. జిల్లా చెబితే పిల్లలకు ఏది చూపించొచ్చో ఇంకాస్త వివరంగా రాస్తాను.