పిల్లల క్యాన్సర్ వార్డులో నర్సు చేసే పరిశోధన

ప్రశ్న: మా అమ్మాయి బి.ఎస్సి. నర్సింగ్ పూర్తిచేసి, గుంటూరులో పిల్లల క్యాన్సర్ వార్డులో ఏడాదికి పైగా పనిచేస్తున్నది. విదేశీ ఉద్యోగానికి ప్రయత్నించమంటే, ఎం.ఎస్సి.లో చేరి పరిశోధన చేస్తానంటున్నది. పరిశోధన డాక్టర్ల పని కదండీ? – ఒక తండ్రి, గుంటూరు

జవాబు: ఏ మందు ఎంత మోతాదులో ఇవ్వాలన్నది ఎక్కువగా వైద్యుల పరిశోధన తేలుస్తుంది. ఆ మందు ఎక్కిన తరువాత నోరు పూసి పాలు కూడా మింగలేకపోతున్న బిడ్డకు ఏ ఉపశమనం ఇవ్వాలన్న ప్రశ్న మాత్రం, గంటల తరబడి మంచం పక్కనే ఉండే నర్సుకే ముందుగా ఎదురవుతుంది. మెల్ఫలాన్ అనే క్యాన్సర్ మందు ఎక్కించే సమయంలో ఐసు ముక్కలు చప్పరిస్తే నోటిలోని రక్తనాళాలు ముడుచుకుని, మందు అక్కడికి తక్కువగా చేరి, పూత తగ్గుతుందని అధ్యయనాలు చూపాయి. నొప్పి ఎంతో మాటల్లో చెప్పలేని పిల్లలు వేలితో చూపించే ఆరు ముఖాల కొలమానాన్ని 1980లలో అమెరికాలో రూపొందించిన ఇద్దరిలో డోనా వాంగ్ నర్సే.

సంపన్న దేశాల్లో క్యాన్సర్ వచ్చిన పిల్లల్లో 80 శాతానికి పైగా కోలుకుంటున్నారు. 2030 నాటికి ప్రపంచమంతటా కనీసం 60 శాతం మంది బతకాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2018లో లక్ష్యం పెట్టుకుంది. పేద దేశాలు వెనుకబడటానికి చికిత్సను మధ్యలో మానేయడం ఒక ముఖ్య కారణం. పిల్లల్లో ఎక్కువగా కనిపించే రక్త క్యాన్సర్ రకానికి చికిత్స రెండేళ్లకు పైగా సాగుతుంది కనుక, మిరప కోతల రోజుల్లో పల్నాడు నుంచి ఒక కూలి కుటుంబం వాయిదాకు రాలేకపోతే, నర్సు ముందురోజు చేసే ఫోను దానిని మార్చగలదా? జ్వరం 100.4 డిగ్రీలు దాటితే తెల్లవారేదాకా ఆగకూడదని తల్లికి ఎలా నేర్పితే గుర్తుంటుంది? ఇవి మన జిల్లాలోనే, తెలుగులో అడిగి తేల్చవలసిన ప్రశ్నలు. మీ అమ్మాయికి ఆ వార్డూ ఆ భాషా రెండూ తెలుసు.

ఎం.ఎస్సి. రెండేళ్లు. విజయవాడలోని ఎన్టీఆర్ ఆరోగ్య విశ్వవిద్యాలయం పరిధిలో పిల్లల నర్సింగ్ విభాగాన్ని ఎంచుకోవడం మేలు. పరిశోధన వ్యాసం అందులో తప్పనిసరి. కళాశాలను ఎంచుకునే ముందు, అక్కడి విద్యార్థులు ఇటీవల ఏ ఆసుపత్రిలో, ఏ అంశంపై పని చేశారో అడిగి తెలుసుకోండి. ఫీజు కన్నా ముందు విచారించవలసింది ఇదే. గణాంకశాస్త్రం అంటే భయం ఉంటే ఇప్పుడే పోగొట్టుకోవాలి.

ఆదాయం సంగతి దాచను: మన దగ్గర పరిశోధనకే పరిమితమైన నర్సు ఉద్యోగాలు తక్కువ. ఎక్కువమంది కళాశాలలో బోధిస్తూనో, ఆసుపత్రిలో పనిచేస్తూనో పరిశోధన సాగిస్తారు. విదేశీ ఉద్యోగాన్ని ఇప్పుడే వదులుకోనక్కరలేదు, ఎం.ఎస్సి. తరువాత కూడా దానికి ప్రయత్నించవచ్చు.