వింగ్‌లెస్ జీన్ చూడబోయే మేనకోడలికి

చిరంజీవి మేనకోడలికి మామయ్య ఆశీస్సులు.

హబ్సిగూడలో రూమ్ దొరికిందనీ, నీకు పండు ఈగల్లోని వింగ్‌లెస్ (అంటే రెక్కల్లేని) జీన్ మీద పని ఇచ్చారనీ అక్క చెప్పింది. చాలా సంతోషమేసింది తల్లీ. ఒక్క మాట. పేరు చూసి ఇది రెక్కలు తయారుచేసే జీన్ అనుకోకు. నేను మొదటి ఏడాదంతా అలాగే అనుకున్నాను.

ఆ పేరు మన దేశంలోనే పుట్టింది. 1973లో ఢిల్లీలోని భారత వ్యవసాయ పరిశోధన సంస్థ నుంచి ఆర్.పి. శర్మగారు ఈ మ్యూటెంట్ (జీన్‌లో మార్పు వచ్చిన ఈగ) గురించి రాశారు. ఆ ఈగలు పెరిగే వయల్ (చిన్న సీసా) ఒకటి అడిగి తీసుకుని చూడు. ఒకదానికి రెండు రెక్కలూ ఉండవు, ఇంకోదానికి ఒకటే ఉంటుంది, పక్కదానికి రెండూ నిక్షేపంగా ఉంటాయి. రెక్క రావాల్సిన చోట వీపు ముక్కే ఇంకోసారి వచ్చి ఉంటుంది.

అదే జీన్ పూర్తిగా పోతే రెక్కల దాకా వెళ్లదు, పిండం గుడ్డులోనే చచ్చిపోతుంది. మామూలు లార్వా (గుడ్డు లోంచి వచ్చే పురుగు) పొట్ట మీద ముళ్ల వరుస, నున్నటి పట్టీ, మళ్లీ ముళ్ల వరుస ఉంటాయి. ఆ జీన్ లేని పిండానికి నున్నటి చోటే మిగలదు, అంతా ముళ్లే. అందుకే ఏది చూసినా ముందు "ఏ వేళ, ఏ కణాల్లో?" అని అడుగు.

దానికి డిస్క్, అంటే లార్వా లోపల ఉండి రేపు రెక్కా వీపూ అయ్యే కణాల సంచి, తీయడం చేతికి రావాలి. 25 డిగ్రీల దగ్గర ఐదో రోజుకల్లా లార్వాలు తిండి వదిలి వయల్ గోడ ఎక్కుతాయి. వాటినే పట్టు. చల్లటి బఫర్ (ఉప్పు ద్రావణం)లో సగానికి తెంచి, నోటి కొక్కేలు పట్టుకుని, సాక్స్ తిరగేసినట్టు తిరగెయ్యి. రెక్క డిస్క్ గాలి గొట్టానికి అంటుకుని ఉంటుంది, లాగితే చిరుగుతుంది. ఈ జీన్ తయారుచేసే ప్రోటీన్ ఎక్కడుందో చూపించే యాంటీబాడీ వేశాక మధ్యలో రెండు మూడు కణాల వెడల్పున సన్నటి గీత, చుట్టూ వలయాలు కనిపిస్తాయి. ఆ గీత ఉన్నచోటే రేపు రెక్క అంచు వస్తుంది. మొదటిసారి చూసిన రోజు నేను అన్నానికి లేవలేదు.

రెండో దశ లార్వాలో ఈ గీత ఉండదు, డిస్క్‌లో ఒక మూలనే జీన్ పనిచేస్తుంటుంది. రెక్కా, వీపా అన్నది తేలేది అప్పుడే. శర్మగారి ఈగల్లో తేడా పడేది ఆ వేళే. కాబట్టి చిన్న లార్వాల డిస్కులు కూడా తీయి, కష్టమైనా సరే.

మే నెలలో ఇంక్యుబేటర్ మీద కన్నేసి ఉంచు. వేడి 30 దాటితే మగ ఈగలు గొడ్డుబోతాయి. ఒక వేసవిలో ఏసీ ఆగి నా స్టాకులన్నీ (పెంచుకుంటున్న ఈగల రకాలన్నీ) అలాగే పోయాయి. ప్రతిదానికీ ఇంకో వయల్ 18 డిగ్రీల గదిలో పెట్టుకో.

మొదటి స్లైడ్ ఫొటో వాట్సాప్‌లో పంపు. బాగా రాకపోయినా పంపు, ఎక్కడ తేడా పడిందో ఇద్దరం చూద్దాం.

మీ మామయ్య