పేరు పలకడమే పెద్ద పని

ప్రశ్న: ఆదివారం ఆబిడ్స్ ఫుట్‌పాత్ మీద లినర్డ్ స్కినర్డ్ అనే రాక్ బ్యాండు మొదటి ఎల్పీ రికార్డు దొరికిందండీ, అట్ట మూల తడిసి ఉబ్బింది. ఇదేం పేరు? వినదగ్గదేనా?
– ఓ పాఠకుడు, చిక్కడపల్లి

జవాబు: తికమకపడింది మీరొక్కరే కాదు లెండి, ఎలా పలకాలో ఆల్బమ్ టైటిల్లోనే రాసుకున్నారు వాళ్లు! ఫ్లోరిడాలోని జాక్సన్‌విల్ కుర్రాళ్లు. జుట్టు పెంచితే ఊరుకోని స్కూలు పీటీ సారు పేరునే స్పెల్లింగ్ మార్చి బ్యాండుకి తగిలించేశారు. ఈ ఎల్పీ 1973 ఆగస్టులో వచ్చింది, ప్రొడ్యూసర్ ఆల్ కూపర్. చివరి పాట ‘ఫ్రీ బర్డ్’ తొమ్మిది నిమిషాల పైనే, ఆర్గన్‌తో మెల్లగా మొదలై, సగం దాటాక మాటలాగిపోయి గిటార్లు ఒకటే పరుగు. నాకైతే ఆ నెమ్మది భాగమే ఎక్కువ ఇష్టం. ముందు రికార్డుని వెలుతురులో పట్టి గీతలున్నాయేమో చూడండి, సరిగ్గా అక్కడే ముల్లు ఎగిరితే ప్రాణం ఉసూరుమంటుంది.